దట్టించే కర్ర మీది గీత

మా అన్నయ్య ఆర్విల్ ఆదివారం ప్రార్థన మందిరం మెట్లెక్కడం మానేసినా మానేస్తాడు గానీ, శనివారం పూట తుపాకీ కడగడం మాత్రం మానడు. మా తాత చేయించుకున్న పొడుగాటి తుపాకీ అది. మూతిలోంచి తుపాకీమందు పోసి, కొవ్వు రాసిన గుడ్డముక్కలో గుండు పెట్టి, కర్రతో అడుగుదాకా దట్టించాలి. మా టెన్నెసీ కొండల్లో ఏటేటా గొడ్డు పందెం జరుగుతుంది; గురి చూసి కాల్చి, కోసిన గొడ్డుని వాటాలుగా గెలుచుకుంటారు. దుంగ మీద గొట్టం ఆనించి కాల్చాలి, బాగా కాల్చినవాడికి వెనక తొడ. అది ఎప్పుడూ మా అన్నయ్యదే. ఆఖరి వాటాగా తోలూ కొవ్వూ దక్కినవాడి పెళ్ళాం కనబడితే చాలు, "ఏమ్మా, మీ ఆయన చెప్పులు కుడుతున్నాడా?" అని చలికాలమంతా ఏడిపించేవాడు.

ఇప్పుడా నోరు లేదు. మతిమరుపు వచ్చింది. పేర్లు మరిచిపోతే పోనీ, నాకు మాత్రం గుర్తుంటున్నాయా? కానీ మొక్కజొన్న కోతలప్పటి నుంచీ తుపాకీ నింపడం, కాల్చకుండానే కాల్చాననుకుని గోడకి తగిలించడం మొదలుపెట్టాడు.

ఆ సంగతి కనిపెట్టింది మా వదిన లోవేడా. కర్ర మీద అన్నయ్యే కత్తితో పెట్టిన గీత ఒకటుంది. గొట్టం ఖాళీగా ఉంటే ఆ గీత సరిగ్గా మూతి దగ్గరికి దిగుతుంది. లోపల మందూ గుండూ ఉంటే మూతికి నాలుగు వేళ్ళ ఎత్తున ఆగిపోతుంది. అన్నయ్య కునుకు తీసేటప్పుడు వదిన రోజూ కర్ర దింపి చూసేది. గీత పైన ఆగితే, కర్ర చివర మర బిగించి, గుండుకి గుచ్చి, తిప్పి తిప్పి పైకి లాగేది. వాచిపోయిన మణికట్లతో ఆవిడ ఆ పని చేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

"దీన్ని పట్టుకెళ్ళి మా అటక మీద పడేస్తాను వదినా. ఏం ఖర్మ నీకిది?" అన్నాను ఓసారి.

"పట్టుకెళ్ళు డెల్ఫీ. రేపు మీ అన్నయ్య దేనికోసం మంచం దిగాలో అది కూడా చెప్పి మరీ పట్టుకెళ్ళు."

తుపాకీ మళ్ళీ గోడకే తగిలించాను.

పోయిన శనివారం మొక్కజొన్న రొట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పొయ్యి మీద తుపాకీ కోసం నీళ్ళు కాగుతున్నాయి. వదిన వంటింటి కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. తల పక్కకి వాలిపోయింది, ఒళ్ళో చిక్కుళ్ళు వలిచినవి వలిచినట్టే ఉన్నాయి. రాత్రంతా అన్నయ్య ఇల్లంతా తిరుగుతుంటే వెనకాలే తిరిగిందట, తర్వాత చెప్పింది. ఆ రోజు కర్ర దింపి చూడలేదు.

అన్నయ్య ముందుగదిలో కూర్చుని తుపాకీ ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. కడిగే ముందు చెకుముకి రాయి నిప్పు రాలుస్తోందో లేదో చూడటం ఆయన అలవాటు. రాయి బిగించిన తుపాకీ సుత్తి వెనక్కి లాగాడు. గొట్టం మూతి వంటింటి గుమ్మం వైపు ఉంది. గుమ్మానికి ఎదురుగా వదిన కుర్చీ.

"అన్నయ్యా! కర్ర!" అని కేకేశాను. రొట్టె చేతిలోంచి జారిపోయింది.

"ఏంటే ఆ అరుపు? ఖాళీయే ఇది."

"చూశావా?"

"నాకు నేర్పుతున్నావా? నీ బొడ్డూడకముందు నుంచీ ఎరుగుదును దీన్ని." కోపంగా చూస్తూనే సుత్తి మెల్లిగా దించి, తుపాకీ నిలబెట్టి, నా మొహం మీద కొట్టినట్టు కర్ర లోపలికి వదిలాడు.

గీత పైనే ఆగింది.

అన్నయ్య కర్రని పైకి తీసి మళ్ళీ వదిలాడు. మళ్ళీ అక్కడే. గుమ్మం వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు.

అప్పటికి వదిన లేచి వచ్చింది. కర్రనీ మొహాలనీ చూసి అంతా గ్రహించేసింది.

"నేనే నింపాను ఆర్విల్. పొద్దున్న కోడిపిల్లల మీదికి గద్ద వచ్చింది. చెప్పడం మరిచిపోయాను."

అబ్బ, ఎంత తేలిగ్గా అనేసిందో! తిడతాడనుకున్నాను. నింపిన తుపాకీ గోడకి తగిలిస్తే ఆయన కన్నకొడుకునైనా వదిలేవాడు కాదు.

అన్నయ్య చెయ్యి మెల్లగా భుజం మీదికి పోయింది. మందు పోసుకునే ఆవుకొమ్ము అక్కడ వేలాడుతోంది. ఇంట్లో మందు ఉండేది ఆ ఒక్క కొమ్ములోనే. నిద్ర లేచి తగిలించుకుంటే మళ్ళీ పడుకునేదాకా ఆయన దాన్ని ఒంటి మీంచి తియ్యడని మా ముగ్గురికీ తెలుసు.

దాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు. తర్వాత తోలుపట్టీ తల మీంచి తీసి వదినకి చాపాడు.

"నింపేది నువ్వే కదా లోవేడా. అయితే ఇది నీ దగ్గరుండాలి."

వదిన కొమ్ము మెళ్ళో వేసుకుని, కర్ర అందుకుని చివర మర బిగించింది. గుండు పైకి లాగుతుంటే అన్నయ్య గొట్టం కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.