కారణం: అవగాహన లోపం

మేడ్చల్ దగ్గరి ఆ ఫ్యాక్టరీలో నేను పనిలో చేరిన రోజు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ప్యాకింగ్ వైపు పొమ్మన్నాడు. ఆడవాళ్ళంతా అక్కడే పని చేసేవారు. నేను ఎలక్ట్రీషియన్‌నని చెబితే నా చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి ఫోన్ చేశాడు. "సార్, ఒక అమ్మాయొచ్చింది, కరెంటు పనికంట" అన్నాడు. అవతలివాళ్ళు నవ్వడం నాకు వినబడింది.

మాది అత్వెల్లి. నాయిన ఆకుకూరలు పండిస్తాడు. మా బోరు మోటారు స్టార్టర్ మాటిమాటికీ కొట్టేసేది. దాన్ని బాగుచేయడానికి వచ్చినాయన పక్కన నిలబడి చూసీ చూసీ నాకు ఆ పని మీద ఇష్టం పుట్టింది. ఐటీఐలో ఆ ట్రేడు తీసుకున్నప్పుడు మా క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది.

ఫ్యాక్టరీలో సీసాల ప్లాస్టిక్ మూతలు తయారయ్యేవి. మెయింటెనెన్స్ అంతా ఒకాయన చేతిలో ఉండేది. శామీర్‌పేట వైపు మనిషి, యాభై దాటిన వయసు. అందరూ కాకా అనేవారు. మొదటి రోజు నన్ను చూసి నవ్వనిది ఆయన ఒక్కడే. నా చేతికి ఒక టెస్టర్ ఇచ్చి ప్యానెల్ గదిలోకి తీసుకుపోయాడు.

"కరెంటు కండ్లకు కనబడది బిడ్డా. గందుకే ఎవ్వల్ని నమ్మొద్దు. బంద్ జేసిన అని నేను జెప్పినా నమ్మకు. నీ టెస్టర్ నువ్వు వెట్టి సూసినంకనే చెయ్యి వెట్టు" అన్నాడు.

ఏడేళ్ళు ఆయన పక్కనే పని నేర్చుకున్నాను. మోటారు చప్పుడు విని బేరింగు పోయిందో లేదో చెప్పడం, కాలిన వైరును వాసనతో పట్టుకోవడం ఆయన దగ్గరే అలవాటయ్యాయి. నేను పెట్టిన కనెక్షన్‌ను లాగి చూసి ఊడకపోతే "మంచిగ కూసున్నది" అనేవాడు. ఆ మాట వస్తే ఆ రోజంతా నాకు హుషారుగా ఉండేది. ఎవరైనా కొత్త సూపర్‌వైజర్ వచ్చి ఈ అమ్మాయికి ఇంత పెద్ద పని ఎందుకు ఇచ్చారని అడిగితే, "నాకన్న మంచిగ జేస్తది" అని జవాబిచ్చేవాడు కాక. నేను అక్కడే ఉన్నప్పుడు కూడా అనేవాడు. నేను ఎటో చూస్తున్నట్టు నటించేదాన్ని.

స్విచ్ ఆపి పనిచేసేటప్పుడు దానికి తాళం వేయాలని ప్యానెల్ గది గోడ మీద బోర్డు ఉండేది. తాళాలు మాత్రం ఎప్పుడూ కొనలేదు. వాటి బదులు ఎర్ర కార్డులు వాడేవాళ్ళం. స్విచ్ ఆపి, దాని పిడికి కార్డు కట్టి పోవాలి. కార్డు కట్టిన మనిషే వచ్చి విప్పాలి. ప్లాంటులో అందరికీ తెలిసిన నియమం అది. దాన్ని పెట్టింది కాకే.

ఆ రోజు ఎండాకాలం, పొద్దున టీ తాగి వచ్చిన వేళ. నాలుగో మిషన్ హీటర్ పనిచేయడం లేదన్నారు. ప్యానెల్ గదికి వెళ్ళి స్విచ్ ఆపాను, కార్డు కట్టాను. మిషన్ దగ్గరికి వచ్చి టెస్టర్ పెట్టి చూస్తే సప్లై లేదు. పెట్టె తెరిస్తే ఒక వైరు కొస కాలి నల్లబడి ఉంది. దాన్ని కత్తిరించాను. కొత్త కొస బిగించడానికి సామాను కావాలి. స్టోరుకు వెళ్ళి తెచ్చుకున్నాను. మొత్తం పది నిమిషాలు పట్టి ఉంటుంది.

తిరిగి వచ్చాక టెస్టర్ మళ్ళీ పెట్టలేదు. నా కార్డు ఉంది కదా అనుకున్నాను. ఇది నా తప్పు. దీన్ని నేనెక్కడా దాచలేదు, ఎవరు అడిగినా మొదట ఈ మాటే చెప్పాను.

షాకు కొడితే మనిషిని అవతలికి విసిరేస్తుందనుకుంటారు. నన్ను విసరలేదు. పట్టుకుంది. కుడిచెయ్యి వైరు మీద బిగుసుకుపోయింది, ఎడమ మోచెయ్యి మిషన్ బాడీకి అంటుకుపోయింది. అరుద్దామంటే దవడ తెరుచుకోలేదు. చుట్టూ మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. వాటి చప్పుడులో నేను కదలకుండా నిలబడి ఉంటే, చూసేవాళ్ళకు పని చేసుకుంటున్నట్టే కనిపించి ఉంటాను.

క్రేట్లు సర్దే ఆపా ఒక్కతే కనిపెట్టింది. ఆపా అంటే అక్క. శామీర్‌పేట దగ్గరి పల్లె నుంచి వచ్చే ఆమెను అందరం అలాగే పిలిచేవాళ్ళం. "యా అల్లా, పిల్ల అతుక్కున్నది!" అని కేక పెట్టి, చేతిలోని ఖాళీ ప్లాస్టిక్ క్రేటుతో నా భుజం మీద బలంగా గుద్దింది. నేను నేల మీద పడ్డాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది వాసన ఒక్కటే. అది నా చేతిదని కొంతసేపటికి గాని తెలియలేదు.

మొదట వేళ్ళు నిలుస్తాయన్నారు. నాలుగు రోజులయ్యాక కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తీసేయక తప్పదన్నారు. ఎడమ మోచేతి మీదికి తొడ నుంచి చర్మం తీసి అతికించారు.

కాక నేను దవాఖానలో చేరిన రెండో రోజే వచ్చాడు. మంచం పక్కన మా అమ్మ ఉంది. ఆయన నా కాళ్ళ దగ్గర కూర్చుని దుప్పటి పట్టుకుని ఏడ్చాడు.

"నేనే ఏసిన బిడ్డా. నీ కార్డు దీసి నేనే స్విచ్ ఏసిన. నువ్వు స్టోర్ల కనబడ్డవ్, పనైపోయింది, కార్డు ఇప్పేది మర్చినవ్ అనుకున్న. మేనేజరు నెత్తి మీద నిలవడ్డడు, ఇంకెంతసేపు ఇంకెంతసేపు అనుకుంట. ఒక్కమాట నిన్ను అడిగితే అయిపోతుండె. నా చేతులు ఇరిగిపోను."

అమ్మ ఆయనకు నీళ్ళిచ్చింది. నేను పట్టీల మధ్య నుంచే, "ఊకో కాకా, నువ్వు కావాలని జేసినవా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆయన వెళ్ళాక అమ్మ ఏదో అనబోతే ఆయన్నేమీ అనొద్దని చెప్పాను. వేళ్ళు తీసేసిన రోజు కూడా కాక మీద నాకు కోపం రాలేదు. అలాంటి పొరపాటు నేనైనా చేసి ఉండేదాన్నేమో అనుకున్నాను.

ఆయన మళ్ళీ రాలేదు. నా మొహం చూడలేక రావడం లేదనుకున్నాను.

రెండు నెలల తర్వాత ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. సిబ్బంది వ్యవహారాలు చూసే సారు కోస్తా వైపు ఆయన, మర్యాదగా మాట్లాడతాడు. నన్ను కూర్చోబెట్టి చల్లటి నీళ్ళు ఇప్పించాడు. నా ముందు ఒక కాగితం, దాని పక్కన వేలిముద్రలు వేయించే సిరా పెట్టె పెట్టాడు.

"ఏం లేదమ్మా, మామూలు కాగితమే. ఇక్కడ వేలిముద్ర వేసేస్తే పనైపోతుంది."

"నాకు సంతకం వచ్చు సార్."

"చెయ్యి బాగోలేదు కదా అని పెట్టించానమ్మా."

నేను కాగితం చేతిలోకి తీసుకున్నాను. ప్రమాదం మీద విచారణ అని ఉంది. విచారణ జరిగినట్టే నాకు తెలియదు. అప్పుడు నేను దవాఖానలో ఉన్నాను. హెచ్చరిక కార్డు కట్టకుండా, సప్లై ఆపకుండా, ఎవరికీ చెప్పకుండా నేను పెట్టె తెరిచానట. చివర, కారణం అన్న చోట, 'అవగాహన లోపం' అని రాసి ఉంది.

కింద ఇంకో కాగితం కుట్టి ఉంది. అది టైపు చేసింది కాదు, చేతిరాత. ఏడేళ్ళు రోజూ పనుల పుస్తకంలో చూసిన రాత. తలకట్లు పెట్టకుండా అక్షరాలను ఒకదానికొకటి ఆనించి రాయడం కాకకు అలవాటు. 'సదరు మహిళా ఎలక్ట్రీషియన్‌కు భయమూ, తొందరపాటూ ఎక్కువ. ఈ పనికి తగదని నేను పలుమార్లు చెప్పియున్నాను. ఆ రోజు నేను ఎటువంటి కార్డునూ చూడలేదు.'

రెండుసార్లు చదివాను. కాకను పిలిపించమన్నాను. సారు ఎందుకులే అమ్మా అన్నాడు. ఆయన వచ్చేదాకా లేవనని కూర్చున్నాను.

కాక వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు. నా చేతి వైపు చూసి చూపు నేలకు దించుకున్నాడు.

"కాకా, గిది నువ్వే రాసినవా?"

ఆయన సారు వైపు చూశాడు. "పెద్దోళ్ళు ఎట్ల జెప్తే అట్ల రాసిన బిడ్డా."

"నేను కార్డు కట్టలేదా?"

ఆయన మళ్ళీ సారు వైపే చూశాడు.

"దవాఖాన్ల మా అమ్మ ముంగట ఏం జెప్పినవ్?"

"గప్పుడు నా మనసు మంచిగ లేకుండె. ఏం జెప్పిన్నో నాకు యాదికి లేదు."

కరెంటు పట్టుకున్నప్పుడు కూడా నాకు అంత చల్లగా అనిపించలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను బిడ్డా అని ఉంటే, నా కరెంటు లైసెన్సు పోతుందన్నారు అని ఉంటే, ఆ గదిలోనే నేను కరిగిపోయి ఉండేదాన్నేమో. యాదికి లేదన్నాడు. ఏడ్చిన ఏడుపును కూడా వెనక్కి తీసుకున్నాడు.

నేను వేలిముద్ర వేయలేదు, సంతకమూ పెట్టలేదు.

ఇంట్లో నాయిన, "పానం దక్కింది, గది సాలు. పెద్దోళ్ళతోని మనకేంది కొట్లాట" అన్నాడు. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నా ముంగట గూసోని ఏడ్సిండు. నేనే నీళ్ళిచ్చిన. యాడికి రమ్మంటే ఆడికొచ్చి జెప్త" అంది. చదువు రాని మా అమ్మే నాకు మొదటి సాక్షి.

నాతో కలిసి టీ తాగినవాళ్ళను ఒక్కొక్కరినే అడిగాను. ఇద్దరు ఫోన్ ఎత్తలేదు. ఒకతను తాను ఆ రోజు సెలవులో ఉన్నానన్నాడు. అతనే నన్ను బండి ఎక్కించాడని తర్వాత ఆపా చెప్పింది.

చివరికి అమ్మను వెంటబెట్టుకుని ఆపా ఇంటికి వెళ్ళాను. ఆమె భర్త కూరగాయల బుట్టలు కడుగుతున్నాడు. విషయం విని, "మాకెందుకమ్మా ఈ పరేషాన్" అన్నాడు. ఆపా మాకు చాయ్ ఇచ్చి గడపలో కూర్చుంది.

"నేను క్రేట్లు వెట్టే జాగ ప్యానెల్ రూము అద్దం ముంగటనే గదా. మొత్తం జూసిన. కాక నీ కార్డు ఇప్పి అంగి జేబుల వెట్టుకున్నడు. రేపు నా పని పోతది, ఎరుకే నాకు. అయినా జూసింది జూడలేదని ఎట్ల జెప్త?"

నేను ఫ్యాక్టరీల తనిఖీ చూసే సర్కారు ఆఫీసులో ఎడమచేత్తో ఫిర్యాదు రాసిచ్చాను. అక్షరాలు చిన్నపిల్లల రాతలా వంకర్లు పోయాయి. కొన్ని వారాలకు ఇన్‌స్పెక్టర్ ఫ్యాక్టరీకి వచ్చాడు. అమ్మ చెప్పింది, ఆపా చెప్పింది. మిగతా అందరూ చూడలేదన్నారు. కాక ముందు కాదన్నాడు. తర్వాత, ఆపా ఎదురుగా నిలబడి జేబు సంగతి చెప్పేసరికి, కార్డు ఉండి ఉండవచ్చన్నాడు.

రిపోర్టు మార్చారు. హెచ్చరిక కార్డు తీసి సప్లై ఇచ్చినందువల్ల ప్రమాదం జరిగిందని రాశారు. ఎవరు తీశారో రాయలేదు. కాకను వేరే ప్లాంటుకు పంపించారు. నన్ను మళ్ళీ పనిలోకి రమ్మన్నారు, కాని ప్యాకింగ్‌లోకి. నేను వెళ్ళలేదు. నెల తిరక్కుండానే ఆపాను పని లేదని తీసేశారు. ఇప్పుడు ఆమె భర్తతో కలిసి అంగడిలో కూరగాయలు అమ్ముతుంది. నేను వెళితే అడగకుండానే నా సంచిలో నాలుగు బీరకాయలు వేస్తుంది. నా వల్ల పని పోయిందని ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడంతో నాకు ఆమె ముందు తలెత్తడం ఇంకా కష్టంగా ఉంటుంది.

స్క్రూడ్రైవర్‌ను బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య పట్టుకోవడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. కండ్లకోయలో ఒక కాలేజీ ల్యాబులో ఇప్పుడు పని చేస్తున్నాను. పిల్లలు ప్రయోగాలు చేసే బల్లలకు వైరింగ్ చూడటం నా పని. చేతి పని చేతికి తిరిగి వచ్చింది. తిరిగి రానిది ఇంకొకటుంది.

'ఈ పనికి తగదు' అన్న మాట ఎవరో పక్కన నిలబడి రాయించారా, లేక ఏడేళ్ళూ ఆయన మనసులోనే ఉందా? ఇది నాకు తేలడం లేదు. 'నాకన్న మంచిగ జేస్తది' అన్న ప్రతిసారీ ఆయన మొహం ఎలా ఉందో గుర్తు చేసుకుంటాను. ఒక్కోసారి నిజంగానే మురిసిపోతున్నట్టు కనిపిస్తాడు. ఒక్కోసారి పక్కవాళ్ళకు కన్ను కొడుతున్నట్టు కనిపిస్తాడు. నేను ఎటో చూస్తున్నట్టు నటించాను కదా, అసలు ఆయన మొహం చూసిందెప్పుడు?

పోయిన వానాకాలం మేడ్చల్ బస్టాపులో ఆయన ఎదురుపడ్డాడు. సన్నబడ్డాడు, జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"బాగున్నవా బిడ్డా?"

"బాగున్న కాకా" అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

"ఇప్పుడేం జేస్తున్నవ్?"

"కరెంటు పనే."

ఆయన తలూపాడు. ఇంకేదో అనడానికి నోరు తెరిచాడు. అంతలో నా బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదిలిన తర్వాత గాని నాకు కోపం రాలేదు. వచ్చాక కండ్లకోయ దాకా తగ్గలేదు.