ముసలిదానికి పసుపు బువ్వ

బోధన్‌లో మనిషికి పేరు పెట్టడానికి అయ్యగారు అక్కర్లేదు, నలుగురు ఒక్కసారి నవ్వితే చాలు. అఖిలకు అలా పడ్డ పేరు ‘దయ్యానికి బువ్వ పెట్టిన పిల్ల’. పిల్ల పెద్దదైంది, పెళ్లయింది, ఇద్దరు బిడ్డల తల్లయింది, పేరు మాత్రం జిగురులా అంటుకునే ఉంది. బీడీ కార్ఖానాలో కట్టలు అప్పజెప్పడానికి వరుసలో నిలబడితే వెనక నుంచి భీమవ్వ మొదలుపెట్టేది. “ఏమే అఖిలా, దయ్యాలకు బువ్వయిందా?” అందరూ నవ్వేవాళ్లు. అఖిల కూడా నవ్వేది, నవ్వకపోతే ఇంకో నాలుగు పడతాయని.

ఆ పేరు పుట్టింది దేవిదాస్ నెట్ సెంటర్‌లో. అప్పుడు అఖిల తమ్ముడు భానుప్రసాద్ పదో తరగతి. చదువు అంతంతమాత్రం, ఆటల పిచ్చి మాత్రం ఆకాశమంత. వాడికి పట్టిన ఆటకు ఏదో ఇంగ్లిషు పేరుండేది, నోరు తిరగక అందరూ ‘ముసలిదాని ఆట’ అనేవాళ్లు. ఎక్కడో దూరదేశంలో ఎవరో ఒక్కడే కూర్చుని తయారుచేసి, లోకానికి ఊరికే పంచిన ఆట అది. బొమ్మలు ఇటుక ముక్కలు పేర్చినట్టుండేవి. పాడుబడ్డ ఇంట్లోంచి బయటపడే దారి వెతుక్కోవాలి, ఓ ముసలిది వెంటపడుతుంది, అంతే కథ. కానీ ఆ అడుగుల చప్పుడు వింటే మీసాలొచ్చిన మొగోళ్లు కూడా కుర్చీలు వదిలి లేచేవాళ్లు.

భాను ఒక్కడే ఆడలేడు. అక్కను వెంట తీసుకుపోయేవాడు. అఖిల చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ పక్కన కూర్చుంటేనే వాడికి ధైర్యం.

ఒకనాడు ముసలిది గడప దాకా వచ్చేసింది. సెంటర్‌లో ఉన్నవాళ్లంతా భాను వెనక మూగి “ఉరుకు, ఉరుకు” అని ఒకటే గోల. అఖిల తలెత్తి చూసింది.

“ఉరకకురా. దానికి ఆకలైనట్టున్నది. నీ దగ్గర రొట్టె ఉన్నది గద, గడపల పెట్టు. పెట్టి ఎన్కకు తిరిగి చూడకుంట నడువు.”

ఇది ఆమె సొంత తెలివి కాదు, నాయనమ్మ సాయవ్వది. పిల్లలు దడుచుకుని జ్వరం తెచ్చుకుంటే సాయవ్వ పసుపు కలిపిన అన్నం దిగదుడిచి, విస్తరాకులో పెట్టి, మీద ఓ ఉల్లిగడ్డ ఉంచి, మూడు బాటల కాడ వదిలి వెనక్కి చూడకుండా వచ్చేది. “ఆకలైనోళ్లే ఎంటవడ్తరు బిడ్డా, కడుపు నిండినోళ్లు ఎందుకు వడ్తరు?” అనేది.

భాను అక్క మాట విన్నాడు. రొట్టె పెట్టాడు. ముసలిది రొట్టెను తొక్కుకుంటూ వచ్చి వాణ్ని పట్టుకుంది, ఆట అయిపోయింది. దేవిదాస్ కడుపు పట్టుకుని నవ్వి, అక్కడికక్కడే ఆ పేరు పెట్టాడు. సాయంత్రానికల్లా అది పక్కనున్న శక్కర్‌నగర్ కూడా దాటింది.

ఆనాటి నుంచి అఖిల ఆ సెంటర్ గడప తొక్కలేదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. నలుగురిలో ఏదైనా తోచినా నోటిదాకా వచ్చిన మాటను మింగడం అలవాటైపోయింది. పెళ్లి మాటల్లో మింగింది, కార్ఖానాలో మింగింది. ఆమెకు మాటలు రావని చాలామంది అనుకున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. నవ్విన వాళ్లు మర్నాటికి మరిచిపోతారు, మోసేవాళ్లకే కదా బరువు!

మొన్న ఓ ఆదివారం పొద్దున భాను ఊరికొచ్చాడు. నిజామాబాద్‌లో ఓ దవాఖానాలో ఎక్స్‌రేలు తీస్తాడు. దయ్యాలకు దడుచుకున్నవాడికి ఇప్పుడు ఎముకలు చూడటమే బతుకుదెరువు.

“అక్కా, ముసలిదాని ఆట మళ్లొచ్చింది! అప్పటిదే, అప్పుడు చేసిన గాయిననే మళ్ల కొత్తగ చేసిండు. నా లాప్‌టాప్ దానికి సాల్తలేదు. ఊర్లె పెద్ద కంప్యూటర్ దేవిదాస్ అన్న దగ్గరనే ఉన్నది.”

నెట్ సెంటర్ పోయి ఫోన్ల దుకాణమైంది, వెనక గదిలో పెళ్లి వీడియోలు కలపడానికి కొన్న కంప్యూటర్ ఉంది.

“నేను రాను,” అంది అఖిల.

“నువ్వు లేకుంటే నాకు ఇప్పటికీ భయమే అక్కా,” అన్నాడు వాడు. ముప్పై దాటిన మనిషి అంత నిజం అంత తేలిగ్గా చెబితే ఏ అక్క కాదంటుంది? చేట పట్టుకుని లేచింది.

దేవిదాస్ జుట్టు నెరిసింది, నోటి దురుసు నెరవలేదు. “రా అఖిలా రా! ఇయ్యాల టిఫిన్ డబ్బ తెచ్చినవా ముసల్దానికి?” అన్నాడు. అఖిల నవ్వలేదు. చేట ఒళ్లో పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరించుకుంటూ కూర్చుంది.

ఆట మొదలైంది. అఖిల చేతిలో కత్తెర ఆగిపోయింది. ఇటుక ముక్కల ఇల్లు ఏది? వాన పడుతోంది, నిజం వాన, ఒక్కో చుక్క గోడ మీద జారుతోంది. మెట్ల మీద దుమ్ము, దుమ్ములో పాదాల గుర్తులు. అదే ఇల్లు, అవే గదులు. ఎన్నాళ్లో కలలో మసకగా కనిపించిన చోటికి ఎవరో పట్టపగలు చెయ్యి పట్టి తీసుకొచ్చినట్టయింది ఆమెకు. “అబ్బా, ఏం చేసిండురా మనిషి!” అని పైకే అనేసింది. దేవిదాస్ కూడా స్టూలు లాక్కుని వచ్చి కూర్చున్నాడు.

భాను వంటగదిలోకి వెళ్లాడు. రొట్టె ఉండాల్సిన బల్ల మీద రొట్టె లేదు. ఆకులో పచ్చటి అన్నం ఉంది. దాని మీద ఉల్లిగడ్డ.

ముగ్గురూ తెరకేసి చూశారు. తెల్లవాళ్ల ఇంట్లో, తెల్లవాళ్ల బల్ల మీద, సాయవ్వ బువ్వ.

వెనక అడుగులు వినిపించాయి. ముసలిది వస్తోంది. “ఉరుకు భానూ!” అన్నాడు దేవిదాస్. అఖిలకు మాట నోటిదాకా వచ్చింది. మళ్లీ నవ్వితే? ఈసారి నవ్వితే ఇక చచ్చేదాకా ఆ పేరే. మాటను మింగబోయి ఆగింది.

“ఉరకకు. గడపల పెట్టు. ఎన్కకు చూడకు.”

భాను పెట్టాడు, ముందుకు తిరిగాడు. అడుగులు దగ్గరికొచ్చి, గడప దగ్గర ఆగిపోయాయి. ఎదురుగా వానకు తడిసిన కిటికీ అద్దంలో కనిపించింది: ముసలిది మెల్లగా చతికిలబడింది, ఆకు దగ్గరికి జరుపుకుంది, చేత్తో ముద్ద కలిపి తింటోంది. ఎన్ని ఏళ్ల ఆకలో! ముందున్న తలుపు, పాత ఆటలో ఎవరికీ తెరుచుకోని తలుపు, దానంతటదే తెరుచుకుంది.

అఖిల కళ్లు నిండిపోయాయి.

“నేనే రాసిన అక్కా,” అన్నాడు భాను, గుర్తుకు తెచ్చుకుంటూ. “అందరు నవ్విన రోజు, కోపానికొచ్చి ఆట చేసినాయన పేజీ కింద రాసిన. మా అక్క చెప్పింది, నీ దయ్యానికి ఆకలైతున్నది, పసుపన్నం పెట్టాలె, ఉల్లిగడ్డ పెట్టాలె అని. ఏం ఆకుల పెడ్తరు అని అడిగిండు. విస్తరి కుట్టే మోదుగాకును ఇంగ్లిషుల ఏమంటరో నాకు తెల్వది. ఇంట్ల నీ చేటల ఉన్నది యాదికొచ్చి బీడీ ఆకు అని రాసిన. మర్చేపోయిన.”

అఖిల తెర దగ్గరికి వంగి చూసింది. నిజమే, అది తునికాకు. ఈనెలతో సహా.

“ఓరి నీ పాడుగాను! తునికాకుల బువ్వ ఎవలన్న పెడ్తరారా?” అని ఏడుస్తూనే పకపకా నవ్వింది. దేవిదాస్ నవ్వలేదు. కాసేపు తల గీరుకుని, “అక్కా, ఆ తలుపు లోపటికి పోవాల్నా, వద్దా?” అని అడిగాడు. అఖిలను అతను అక్కా అనడం అదే మొదలు.

ఆట పూర్తయి ఇంటికి వస్తుంటే సందు మొదట్లో భీమవ్వ ఎదురైంది. “ఏడికి వోయొస్తున్నవే, దయ్యాలకు బువ్వ వెట్టనీకా?”

అఖిల ఆగింది. చేట చంకన సర్దుకుంది.

“అవును భీమక్కా, పెట్టే వస్తున్న,” అంది. “తిన్నది.”