మిరుగం నాడు తప్పిపోయిన చేప

ఇందుమూలంగా గద్వాల చేపల అంగడికి వచ్చిపోయే సమస్త జనులకూ, పిల్లులకూ, బేరమాడి కొనకుండా పోయేవాళ్లకూ తెలియజేయడమేమనగా: ఈ వారం నా కొట్టు ముందున్న నీలం ప్లాస్టిక్ కుర్చీలో ఎవరూ కూర్చోరాదు. బొచ్చె చేపను రవ్వ చేప అని చెప్పి అమ్మరాదు. చేపతోపాటు ఐసుగడ్డను తూచరాదు. ఈ చివరిది నాకే కొంచెం కష్టంగా ఉంది. కారణమేమనగా, ఆ కుర్చీలో కూర్చునే చేపల సారు పోయారు. వనపర్తిలో, తన ఇంట్లోనే, నిద్రలో పోయారని పొద్దున వాళ్ల అల్లుడు ఫోన్ చేశాడు.

సారు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అందరూ మనవళ్లను ఆడించే వయసులో ఆయన మా ఊరి పక్కన ఒక కుంట కౌలుకు తీసుకుని, రవ్వకూ బొచ్చెకూ సంకరం చేసి పిల్లలను పెంచారు. ఆ పిల్లల కణాల్లో తెగిన దారప్పోగుల్లాంటి క్రోమోజోములు ఉంటాయట. తల్లి గుణం, తండ్రి గుణం ఏ పోగు మీద ఎక్కడ ఉన్నాయో పటం గీయడం ఆయన పని. నేనేమో ఏడో తరగతిలో బడితో పేచీ పడి బయటికొచ్చినవాణ్ణి.

"ఎట్ల తెలుస్తది సార్? అడిగితే చెప్తయా?" అన్నాను.

"మన బస్సులు చూడు. పక్కపక్క సీట్లల్ల కూసున్నోళ్లు ఒక్క తాననే దిగుతరు. దూరం దూరం కూసున్నోళ్లు తొక్కులాటల విడిపోతరు. పిల్లచేపలల్ల ఏ రెండు గుణాలు జంటగ దిగుతున్నయో, గవి పక్కపక్క సీట్లల్ల ఉన్నట్టు."

జన్యుశాస్త్రం నాకు అంతవరకే తెలుసు. ఆ తర్వాత బస్సెక్కినప్పుడల్లా పక్కవాణ్ణి అనుమానంగా చూడటం అలవాటైంది.

నేను ఊరుకుంటానా! సారు చేపలకు జాతకం రాస్తాడని అంగడంతా చాటాను. ఒకాయన పెళ్లి కుదరని కొడుకు ఫోటో పట్టుకుని వచ్చేశాడు. సారు కోప్పడలేదు. కళ్లజోడు సర్దుకుని ఫోటో చూశారు.

"చెప్తనయ్యా. కాకుంటే నా జాతకం ముందుకు పోదు, ఎనకకే పోతది. మీవోని ముక్కు మీ మామది. గంతవరకు గ్యారంటీ."

"మా మామ మొండోడు సారూ. గందుకే కుదుర్తలేదు!" అని ఆయన తృప్తిగా వెళ్లాడు.

ఇక ఒక ఏటి మృగశిర కార్తె సంగతి. మా వైపు మిరుగం నాడు పొయ్యి మీద చేప ఉడకని ఇల్లుండదు. ఆ తెల్లవారుజామున వలవాళ్లు, గిరాకీ తొందరలో, పక్క చెరువుతోపాటు సారు కుంట కూడా ఊడ్చేశారు. సరుకు నా కొట్టుకే వచ్చింది. కాసేపటికి సారు స్కూటర్ మీద, చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని వచ్చారు.

"గుర్తుకు రెక్క అంచు కత్తిరించిన చేప వచ్చిందా?"

"వచ్చింది సార్. పోయింది కూడా."

సారు ముఖం తెల్లబోయింది. ఆ సంకర చేప గుడ్ల మీద ఉంది. దాని పిల్లల్లో ఏ గుణాలు జంటగా దిగుతాయో చూస్తేనే పటం ముందుకు కదిలేది. అటువంటి తల్లిని తయారు చేయడానికి ఆయనకు ఏండ్లు పట్టింది. కొన్నది మగ్గాల వీధి పెద్దమ్మ అని గుర్తొచ్చి ఇద్దరం నా బండి మీద పరుగెత్తాం. చేప ఇంకా నీళ్ల తొట్టిలోనే ఉంది. పెద్దమ్మ చేతులకు బూడిద రాసుకుని కత్తిపీట ముందు కూర్చుంది.

"తల సూస్తె రవ్వది లెక్క, ఒళ్లు సూస్తె బొచ్చెది లెక్క. గిది ఎవల పిల్ల సారూ?"

"నా పిల్లనే పెద్దమ్మా. జర ఇచ్చెయ్."

"మిరుగం నాడు చేప ఇచ్చి ఇంటోళ్లకు ఏం పెట్టాలె? నీ పటం ఉడకబెట్టాల్నా?"

మారుకు పెద్ద బొచ్చె ఇస్తానని ఒట్టేస్తే వదిలింది. నా బండి వెనక సారు ఆ బకెట్‌ను చంటిపిల్లలా పొదువుకుని కూర్చున్నారు. తొలి వానలకు అది గుడ్లు పెట్టింది. దాని పిల్లలతోనే ఆయన గోడ మీది పటం చుక్కలతో నిండింది.

ఇంతా రాశాక ఒక్క మాట. సారుతో ఉన్నన్నాళ్లలో అబద్ధం చెప్పని రోజు నాకు లేదు, ఇవాళ మాత్రం ఎందుకు మానాలి? మేం పోయేసరికి ఆ చేప తొట్టిలో లేదు. పులుసులో ఉంది.

పెద్దమ్మ గంటె పట్టుకుని బిక్కచచ్చి నిలబడింది. సారు గిన్నెలోకి చాలాసేపు చూశారు. చివరికి ఆయన చెప్పులు విడిచి, "అన్నం ఉన్నదా పెద్దమ్మా?" అన్నారు. తలకాయ ముక్క కంచంలో వేయించుకుని, చెంప కండ వేలితో తీసి నోట్లో పెట్టుకున్నారు.

"బొచ్చె రుచి కాదు, రవ్వ రుచి కాదు. గిది దీని సొంతం" అన్నారు. కళ్లు తుడుచుకుని, కారం ఎక్కువైందన్నారు. మళ్లీ వేయించుకున్నారు.

పటం నిండింది వేరే చేపతో, ఎన్నో వానాకాలాల తర్వాత. ఆ పులుసు తిన్న మర్నాడు పొద్దున మాత్రం, వానలో నేను కుంట దగ్గరికి పోయేసరికి, సారు ప్యాంటు మోకాళ్లకు మడిచి నీళ్లలో ఉన్నారు. ఎడమ అరచేతిలో వేలెడంత కొత్త పిల్ల గిలగిలలాడుతుంటే, కుడిచేత్తో జేబులన్నీ తడుముతూ కత్తెర వెతుక్కుంటున్నారు.