ఒక్కపొద్దు ఎవరి మాట

తప్పు యంత్రానిదని కొందరంటారు. షమీమ్‌దని ఎక్కువమంది అంటారు. సూళ్లూరుపేటలో మా స్కానింగ్ సెంటర్ పేరెత్తితే చాలు, ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ సంగతి తీస్తారు. "సాయిబుల అమ్మాయి వాళ్ల మాటేదో కంప్యూటర్లో పెట్టేసిందంట, పాపం ఎవరో పెద్దాయన పడిపోయినాడంట" అని. అది విన్నప్పుడల్లా నేను చేతిలోని టీ గ్లాసు వంక చూస్తూ కూర్చుంటాను. రైల్లో సీటు దగ్గర్నుంచి పెళ్లిలో వడ్డన దాకా దేనికైనా వాదనకు దిగే మనిషిని నేను. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నోరు పెగలదు.

ఎందుకంటే అది షమీమ్ మాట కాదు. నాది. కొన్నేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పెద్ద ఆసుపత్రేమీ కాదు. రక్తపరీక్షలు, స్కానింగులు. నేను ఆఫీసు వ్యవహారాలు చూస్తాను. తెలుగు ఎమ్మే చదివాను. ఆ చదువు నాకు ఎక్కడా పనికిరాలేదని నవ్వినవాళ్లకు సమాధానం చెప్పే అవకాశం ఏఐ ఏజెంట్ వచ్చాక దొరికింది. పరీక్షకు రావాల్సిన వాళ్లకు ఫోన్‌లో మెసేజ్‌లు పంపడం, వాళ్ల సందేహాలకు జవాబులివ్వడం దాని పని. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో దానికి రాసిపెట్టాలి. ప్రతి మనిషికీ కొత్తగా రాయలేం కాబట్టి, పేరు, పరీక్ష, వేళ అని ఖాళీలు వదిలి టెంప్లేట్ ఒకటి తయారు చేస్తే, ఇడ్లీ పాత్రలాగా ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. ఆ టెంప్లేట్లు రాసేది నేను. ఖాళీలు నింపి నడిపేది షమీమ్. నాకంటే పదేళ్లు చిన్నది. బజారులో వాళ్ల అన్నకు టైలరింగ్ షాపు ఉంది. డిగ్రీ చదివింది, పనిలో చురుకు, మాటకు మాట అంటించడంలో నాకు తగిన జోడీ.

మొదట్లో "ఏమీ తినకుండా రావాలి" అని రాశాను. జనం టీ తాగి వచ్చారు. "తినలేదు గదమ్మా, తాగినాను" అని ఒకావిడ నాతోనే వాదించింది. వాదనలో నేను ఓడిపోయిన అరుదైన సందర్భం అది. ఫాస్టింగ్ అని రాయమన్నారు డాక్టరు గారు, అంటే మా యజమాని. ఊళ్లలో వాళ్లకు అది అర్థం కాదన్నాను. పరగడుపు అందామంటే అది పొద్దుటి పూటకే సరిపోతుంది, సాయంత్రం పరీక్షకు వచ్చేవాళ్లకు కుదరదు. ఏ పరీక్షకైనా, ఏ వేళకైనా ఒకే మాట కావాలి నాకు. వెతగ్గా వెతగ్గా మా నాయనమ్మ నోట విన్న మాట గుర్తుకొచ్చింది. ఒక్కపొద్దు.

చిల్లకూరు దగ్గర మా పల్లెలో శనివారం శనివారం నాయనమ్మ ఒక్కపొద్దు ఉండేది. పొద్దుగూకేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేది కాదు. కాఫీ కూడా. ఇంతకంటే ఏం కావాలి? తిండీ వద్దు, టీ కూడా వద్దు, నీళ్లు తాగొచ్చు. ఇదంతా ఒక్క మాటలో ఇమిడిపోయింది. టైపు చేస్తుంటే నా పక్కనే కూర్చున్న షమీమ్ నవ్వింది.

"ఏందక్కా, మా మాట పెట్టేసినావు?"

"మీ మాటేంది? మా నాయనమ్మ మాట. నువ్వు పుట్టకముందు నించి మా ఇంట్లో ఉండాది."

"మా అమ్మీ ఇంట్లో ఇంకా ముందు నించే ఉండాదిలే. రంజాన్ నెలలో వచ్చి చూడు, ఎవరి మాటో తెలుస్తాది."

"సరే, ఆ నెల మీరు వాడుకోండి. మిగతా పదకొండు నెలలూ మాదే."

"మాటను కూడా పొలం మాదిరి గట్లేసి పంచతావా అక్కా?"

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ మాటకు అర్థం ఏమిటని ఒకరినొకరం అడగలేదు. ఎందుకు అడుగుతాం? ఇద్దరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన మాట. తెలియని మాటయితే అడిగేవాళ్లం.

ఆ కిందనే ఇంకో వాక్యం చేర్చాను. అంతకుముందు ఏజెంట్ ఒక పేషెంటుకు మాత్రల గురించి సొంత సలహా ఇచ్చిందని డాక్టరు గారు కోప్పడి ఉన్నారు. అందుకని, ఏం తినొచ్చు, ఏం తాగొచ్చు అని ఎవరు ఎలా అడిగినా ఒక్కపొద్దు ఉండాలనే చెప్పు, అంతకుమించి వివరించకు అని రాశాను. నన్ను ఎవరైనా తిరిగి ప్రశ్నిస్తే నాకు గిట్టదు. ఆ గిట్టకపోవడాన్నే యంత్రానికి నేర్పానేమో.

పొద్దున్నే అయిపోయే రక్తపరీక్షలకు ఆ టెంప్లేట్ చక్కగా పనిచేసింది. ఎవరికీ ఇబ్బంది కలగలేదు. దాంతో అదే వాక్యాన్ని కడుపు స్కానింగుకు కూడా తీసుకెళ్లి పెట్టాను. ఒకసారి రాసింది పదిచోట్లా పనికొస్తోందని, అందులో ఏ మాట ఉందో చదవకుండానే, డాక్టరు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు.

వాకాడు నుంచి ఒక పెద్దాయన స్కానింగుకు రావాల్సి ఉంది. ఖాదర్ బాషా గారు. షుగరు మనిషి. వేళ సాయంత్రం. ఒక్కపొద్దు ఉండి రమ్మని మెసేజ్ వెళ్లింది. ఆయన అనుమానపడి కూతురి చేత అడిగించారు, నీళ్లు తాగొచ్చా అని. పరీక్ష అయ్యేదాకా ఒక్కపొద్దు ఉండాలండి అని జవాబు వెళ్లింది. షుగరు వల్ల రంజాన్‌లో ఒక్కపొద్దులు ఉండవద్దని డాక్టర్లు ఆయనకు ఎప్పుడో చెప్పేశారట. ఆ బెంగ ఆయనకు ఉండేదట. కూతురు వద్దంటున్నా, "డాక్టరోళ్లే ఉండమన్నారు గదా" అని సంబరంగా తెల్లవారకముందే లేచి రెండు ముద్దలు తిని, మాత్ర వేసుకున్నారట. తర్వాత గుక్కెడు నీళ్లు కూడా ముట్టలేదు. బస్సు దిగి మా సెంటర్ మెట్లు ఎక్కుతూ కళ్లు తిరిగి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ప్రాణం దక్కింది. ఇప్పుడు నాలుగు కాళ్ల వాకర్ పట్టుకుని ఇంట్లో మాత్రం నడుస్తారని విన్నాను. వెళ్లి చూడలేదు. మా స్టాఫు వెళ్లిన రోజున నేను వేరే పని కల్పించుకున్నాను.

డాక్టరు గారు మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచారు. కూతురి ఫోన్‌లోని మెసేజ్ ఆయన చేతిలో ఉంది. నావైపు చూడను కూడా చూడలేదు.

"ఒక్కపొద్దు అంటే రోజా కదా, నీళ్లు కూడా ముట్టరు. షమీమ్, ఖాళీలు నింపేటప్పుడు నువ్వేనా ఈ మాట పెట్టింది?"

షమీమ్ నావైపు తిరిగింది. నేను గోడవైపు చూశాను. ఆ తర్వాత అన్నాను, నన్నెవరూ అడగకుండానే:

"వాళ్లలో వాడే మాటేలెండి సార్."

చూశారా, అందులో అబద్ధం లేదు. ఎమ్మే చదివిన దాన్ని కదా, నిజంతోనే అబద్ధం ఆడగలను. మాట నాదని పంతం పట్టి నవ్విన దాన్ని, ఆ మాటకు బరువు రాగానే, పట్టుకో అని ఆమె ఒళ్లో పడేశాను. మిగతా పదకొండు నెలలు కూడా ఇచ్చేశాను.

ఆ క్షణంలో ఏమనుకున్నానో చాలాసార్లు వెతుక్కున్నాను. ఉద్యోగం పోతుందన్న భయమా? ఉంది. కానీ అదొక్కటే కాదు. డాక్టరు గారు తనంతట తానే ఆమె పేరు ఎత్తినప్పుడు నాకు కలిగింది భయం కాదు, ఊరట. ఆ మాట వింటే ఎవరికైనా ఆమే గుర్తుకొస్తుందని నాకు అప్పటికే తెలుసు. తెలిసే ఆ చిన్న వాక్యం అన్నాను. ఎవరైనా మనుషుల్ని మతం పేరు పెట్టి అంటే పోట్లాడే దాన్నని నాకు పేరుంది. ఆ పేరు ఇంకా ఉంది, అదే నన్ను ఎక్కువగా కొరుకుతుంది.

షమీమ్‌ను పనిలోంచి మానిపించారు. నేను అదే రోజున టెంప్లేట్లు అన్నీ సరిచేశాను: తిండి వద్దు, టీ కాఫీలు వద్దు, మంచినీళ్లు తాగొచ్చు, షుగరు ఉన్నవాళ్లు ముందుగా మాకు ఫోన్ చేయాలి. అలా రాయడానికి ఎమ్మే అక్కర్లేదు. పొరపాటు దిద్దానని నన్ను మళ్లీ మెచ్చుకున్నారు. ఇప్పుడు మిగతా బ్రాంచీలకు కూడా నేనే రాస్తున్నాను.

పోయిన ఏడు షమీమ్ కోసం వాళ్ల అన్న షాపుకు వెళ్లాను. జాకెట్టు కుట్టించాలనేది సాకు. వేరే ల్యాబ్‌లో పని దొరకలేదని, విషయం అందరికీ పాకిపోయిందని, అందుకే కుట్టుపనిలో దిగానని చెప్పింది. మామూలుగానే చెప్పింది. "అక్కా, చేతులు వదులుగా పెట్టనా?" అని టేపు మెళ్లో వేసుకుని కొలతలు తీసుకుంది. నేను చెప్పాలనే వెళ్లాను. చేతులు చాచి నిలబడి, వదులుగానే పెట్టమన్నాను. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే సులువుగా ఉండేది, తిరిగి వాదించి అయినా అసలు సంగతిలో పడేదాన్ని. ఆ సులువు ఆమె నాకు ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం ఆమెకేముంది?

డాక్టరు గారికి ఇంకా చెప్పలేదు. రేపు చెబుతానని ఇక్కడ రాయను. రాస్తే చెప్పినంత తృప్తి వచ్చేస్తుంది, నా సంగతి నాకు తెలుసు. ఇప్పటికి ఇంతే. ఆ మాట నేనే పెట్టాను, నింద ఆమె మీదికి నేనే తోశాను. రాసేశాక ఛాతీ మీద ఏదో కాస్త కదిలినట్లుంది. దాన్ని క్షమాపణ అనుకునేంత తెలివితక్కువదాన్ని కాదు.

ఒక్కటి మాత్రం తెలుసుకోవాలని ఉంది. టైపు చేసింది నేనని షమీమ్‌కు తెలుసు. పక్కనే ఉంది, నవ్వింది కూడా. "నేను కాదు సార్, అక్క" అంటే అయిపోయేది. అనలేదు. తనను నమ్మరని అప్పటికే అర్థమైపోయిందా? లేక అక్కే చెబుతుందిలే అనుకుందా? ఆ రెండోదే అయితే, నేను గోడ చూస్తున్నంతసేపూ ఆమె నా ముఖం చూస్తూనే ఉందా?