గిన్నెడు మురికి కోసం

ఒక ప్రాణిని శుభ్రతతో చంపబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. ఇల్లు తళతళలాడితే చాలు, అంతా బాగున్నట్టే అని నమ్మేవాళ్ళు చీపురు కాసేపు పక్కన పెట్టి ఇది చదవాలని మనవి.

పెళ్ళయి కరీంనగర్ వచ్చిన కొత్త. అత్తగారింటి హాల్లో ఒక గాజు తొట్టి, అందులో ఒకే ఒక్క నారింజరంగు చేప. పొట్టేసుకుని ఎప్పుడూ ఒకే మూల, గల్లాపెట్టె ముందు కూర్చున్నట్టు ఉండేవాడు కాబట్టి పేరు సేటు. "ఉండేది" అంటే మా అత్తమ్మ ఊరుకోదు. సేటును మనిషిని పిలిచినట్టే పిలవాలి.

ఒక మంగళవారం అత్తమ్మ కాగజ్‌నగర్‌లో ఉన్న కూతురింటికి బయల్దేరింది. తాళాలు, మామయ్య బీపీ గోలీలు అప్పగించి, చివరగా నన్ను తొట్టి ముందు నిలబెట్టింది.

"సరితా, ఆదివారం నాడు పావు వంతు నీళ్ళు తియ్యి, పావు వంతు పొయ్యి. గా పోసే నీళ్ళు గూడ ముందురోజే పట్టిపెట్టాలె. ఇంకేం ముట్టకు."

"సరే అత్తమ్మా."

"పావే."

"పావే అత్తమ్మా."

ఆ ఇంట్లో నా చేతికొచ్చిన మొదటి బాధ్యత అది. సరిగా చేస్తే ఇంటి కోడలిని. చేయకపోతే చచ్చేదాకా "సేటును చంపిన పిల్ల"ని.

అయితే నేను పుట్టి పెరిగింది ఇచ్చోడలో, మా అవ్వ చేతి కింద. రాత్రి మిగిలిన బిందెడు నీళ్ళు పొద్దున్నే పారబోసి, చింతపండుతో బిందె తోమి, కొత్త నీళ్ళు పట్టాకే మా ఇంట్లో తెల్లవారినట్టు. నిలవ నీళ్ళు చుట్టానికిచ్చే ఇంటికి మా అవ్వ పిల్లనివ్వదు. అలాంటిది, ముప్పావు వంతు పాత నీళ్ళలో ఒక పెద్దమనిషిని వారాల తరబడి కూర్చోబెడతారా? పాపం అత్తమ్మకు ఓపిక లేక పావుతో సరిపెడుతోందని తీర్పు చెప్పేశాను. నా తెలివికి మీరే ఒక దండం పెట్టండి.

బస్సు ఊరు దాటిందో లేదో, నేను కొంగు బిగించాను. సేటును ఇత్తడి గంగాళంలోకి మార్చాను. తొట్టి ఖాళీ చేశాను. అడుగున ఉన్న గులకరాళ్ళను చింతపండుతో తోమి, మరిగే నీళ్ళు పోసి, మంచం మీద పాత చీర పరిచి ఎండకు ఆరబెట్టాను. నీళ్ళు వడగట్టే స్పాంజిని సబ్బు పెట్టి బండకేసి ఉతికాను. మామయ్య పేపర్ చేత్తో పట్టుకుని వచ్చి మంచం వైపు చూశారు.

"వడియాలా బిడ్డా?"

"కాదు మామా, సేటు రాళ్ళు."

"మీ అత్తమ్మ పావు అన్నట్టుంది గదా?"

"పావు చేస్తే పావే సాఫయితది మామా."

ఆయన పేపర్లోకి తల దూర్చారు. ఆ ఇంట్లో ఆడవాళ్ళ లెక్కలకు జవాబు చెప్పడం ఆయన ఎప్పుడో మానేశారు.

నల్లా తిప్పి అంచుదాకా నింపాను. అసలు నీళ్ళున్నాయా అన్నంత తేటగా ఉంది తొట్టి. ఫోటో తీసి అవ్వకు పంపితే "బంగారు బిడ్డవే" అంది.

మర్నాడు పొద్దున సేటు పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఎక్కడో మురికి మిగిలిందనుకుని మొత్తం నీళ్ళు మళ్ళీ మార్చాను. గురువారానికి ఒక పక్కకు ఒరిగాడు. మళ్ళీ మార్చాను. నేను నీళ్ళు మార్చినకొద్దీ సేటు నీరసించాడు, సేటు నీరసించినకొద్దీ నేను నీళ్ళు మార్చాను.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ ఫోన్.

"సేటు ఎట్లున్నడు?"

"మంచిగున్నడు అత్తమ్మా. జర పండుకున్నడు."

"పండుకున్నడా? ఏం పని జేసి అలిసిపోయిండు?"

సిగ్నల్ లేదని పెట్టేశాను. పెంపుడు చేపలమ్మే దుకాణాయనకు ఫోన్ చేస్తే ఆయనేమో దుకాణం మూసి ఎక్కడో పెళ్ళిలో ఉన్నాడు.

"నీళ్ళెంత మార్చినవ్ చెల్లె?"

"మొత్తం."

"ఎన్నిసార్లు?"

"రోజుకొక్కసారే అన్నా. మూడు రోజులు."

ఆయన బాజాలకు దూరంగా నడిచి మళ్ళీ అడిగాడు.

"రాళ్ళు?"

"చింతపండుతోని తోమిన."

"స్పాంజి?"

"ఉతికిన."

"ఇగ చాపపిల్లను ఉతుకుడే మిగిలింది! చెల్లె, గా మురికిల కంటికి కనవడని పురుగులుంటయ్. చాప చేసే ఖరాబంతా అవే తింటయ్. వాటిని నువ్వు తోమి పారేసినవ్. పైకెల్లి నల్లా నీళ్ళల్ల క్లోరిన్ మందు, ఒకరోజు నిలవుంటేనే పోతది."

"మరిప్పుడెట్ల అన్నా?"

"నిలవ నీళ్ళు పొయ్యి. స్పాంజి సబ్బు పోయేదాక పిండు. నడుస్తున్న తొట్టి ఎవలింట్లన్న ఉంటే, వాళ్ళ స్పాంజి పిండిన మురికి జర అడుక్కొచ్చి దాంట్ల పొయ్యి. పాలకు తోడు వెట్టినట్టే."

పెరట్లో మొక్కల కోసం పట్టిన డ్రమ్ములో నిలవ నీళ్ళున్నాయి, అవి తొట్టికి పోసి స్పాంజి పిండిపెట్టాను. తోడు కోసం గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. స్టీలు గిన్నె తీసుకుని, చేపల తొట్టి ఉన్న చోట్లు వెతుక్కుంటూ మెయిన్ రోడ్డెక్కాను. ముందు కటింగ్ షాపు.

"మా తొట్టి నిన్ననే కడిగినమక్కా, సూడు ఎట్ల మెరుస్తుందో!"

"అయ్యో పాపం" అని ఓదార్చి, పళ్ళ డాక్టరు దగ్గరికి నడిచాను. అక్కడ కౌంటర్లో ఒకావిడ చీటీలు రాస్తోంది.

"ఏ పన్ను?"

"పన్ను కాదక్కా. మీ చాపల మురికి గిన్నెడు కావాలె."

దవడలు పట్టుకుని కూర్చున్న జనమంతా నా వైపు తిరిగారు. బుగ్గ వాచిన ఒకాయన నవ్వబోయి, "అబ్బా" అని మూలిగాడు. గొడవకు డాక్టరు బయటికొచ్చి ఎవరింటి కోడలివని అడిగి, పాపం తన చేత్తోనే స్పాంజి పిండి ఇచ్చాడు. నల్లటి ఆ ద్రవాన్ని కొంగు కప్పి, చుక్క ఒలకకుండా ఇంటికి మోసుకొచ్చి తొట్టిలో పోశాను. మూడు రోజుల కింద ఆ గిన్నెను చూస్తే మా వీధిలోకే రానిచ్చేదాన్ని కాదు.

శనివారం సాయంత్రం సేటు లేచి తన మూలకు వెళ్ళి కూర్చున్నాడు. నేను తొట్టికి ఆనుకుని భోరున ఏడ్చాను. ఆదివారం పావు వంతే, కొలిచి మరీ మార్చాను.

సోమవారం అత్తమ్మ ఆటో దిగింది. చంకలో ఐదు లీటర్ల క్యాను, నిండా నల్లటి నీళ్ళు.

"అదేంది అత్తమ్మా?"

"మురికి. నీ ఆడబిడ్డ వాళ్ళ తొట్టిల పిండుకొచ్చిన. పండ్ల డాక్టర్ ఫోన్ జేసిండు, మీ కోడలు గిన్నె వట్టుకొని మురికి అడుగుతుంది, ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరా అని."

నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

"గంత దూరం ఒళ్ళె వెట్టుకొని వచ్చిన. బస్సుల పక్కనామె కషాయమా అనడిగింది. అవునన్న. మోకాళ్ళకు జర పొయ్యుమని ఒకటే బతిమిలాడింది."

"అత్తమ్మా, నామీద కోపం లేదా?"

ఆమె క్యాను కింద పెట్టి సేటు వైపు చూసింది. "ఈ తొట్టిల మొదాలు ఏడుగురుండె బిడ్డా."

"మరి మిగతావాళ్ళు?"

"నేను గూడ చింతపండుతోనే తోమిన."

పేపర్ వెనక నుంచి మామయ్య గొంతు: "అప్పుడు గూడ వడియాలా అనే అడిగిన."

ఆ రోజు సేటు సాక్షిగా, స్టీలు గిన్నె మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఆదివారానికి పావు వంతుకు మించి నీళ్ళు ముట్టను. ఒకరి మురికిని చిన్నచూపు చూడను. చింతపండును పులుసుకు తప్ప ఇంక దేనికీ వాడను.

పులుసు మాట రాగానే సేటు గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఆ చివరి మాట అప్పటికప్పుడే ప్రమాణంలోంచి తీసేశాను.