బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను

డిగ్రీ రెండో ఏడు అయిపోయిన వేసవిలో నేను ఆరు వారాల పాటు ఒక బ్యాంకును ఉద్ధరించాను. కాలేజీ వాళ్ళు దాన్ని ఇంటర్న్‌షిప్ అన్నారు. మా అమ్మ మాత్రం వీధిలో అందరికీ "మా అమ్మాయిని బ్యాంకులో వేశారు" అని చెప్పుకుంది. వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని ఆ చోటు ఇప్పించింది బాబాయి. నేను చేరే ముందురోజు ఇంటికొచ్చి, "నా పరువు నీ చేతిలో పెట్టానమ్మా" అన్నాడు. మా ఇంట్లో నా చేతికి గాజుగ్లాసు కూడా నమ్మి ఇవ్వరు. బాబాయి ధైర్యానికి మెచ్చుకోవాలి.

నల్ల కోటు కుట్టించుకుని వెళ్ళాను. మేనేజరుగారు నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఏసీ పనిచెయ్యట్లేదమ్మా" అన్నారు. పాస్‌బుక్కులు అచ్చేసే యంత్రం పక్కన నాకో స్టూలు వేశారు. యంత్రంలో ఇరుక్కున్న కాగితం లాగడం, జిగురు సీసాకి మూత పెట్టడం, కౌంటరుకి దారంతో కట్టిన పెన్నులో రీఫిల్ మార్చడం, ఇదీ నేను నేర్చుకున్న బ్యాంకింగు. కోటు రెండోరోజే మేకుకి ఎక్కింది.

నన్ను పైకి తెచ్చింది మైకు. ఫోన్లో మోసాలు ఎక్కువయ్యాయని, రోజూ పదకొండింటికి హాల్లో ఎవరో ఒకరు జనానికి జాగ్రత్తలు చెప్పాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. అందరికీ పనుంది. ఊరికే కూర్చున్నది నేనే. మొదటిరోజు కాగితం చూసి చదివాను. నాలుగోరోజుకి నన్ను ఆపడం వాళ్ళ తరం కాలేదు. కోతికి కొబ్బరికాయ దొరికింది.

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను అని ఫోనొస్తే ఏం చెయ్యాలి?"

"పెట్టెయ్యాలి!" హాలంతా ఒక్కసారే అనేది.

"చదవకుండా సంతకం?"

"పెట్టకూడదు!"

ఒకటో తారీఖు పెన్షన్ల రోజు. హాలు నిండా పెద్దవాళ్ళు. ఆ జనాన్ని చూసేసరికి నాకు పూనకం వచ్చింది. "మేనేజరునంటాడు, నమ్మకండి! హెడ్డాఫీసంటాడు, నమ్మకండి! ఆఖరికి నేనే ఫోన్ చేసి, ఆ మైకు పిల్లను నేనే అన్నా నమ్మకండి!" చప్పట్లు మోగాయి. క్యాషియరుగారు అద్దాల గదిలోంచి లేచి నిలబడి మరీ కొట్టారు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, దారిలో ఎవరైనా గుర్తుపడతారేమోనని మొహం కాస్త పక్కకి తిప్పుకున్నాను. ఎవరూ గుర్తుపట్టలేదు.

పదో తారీఖున మేనేజరుగారు పిలిచి ఒక జాబితా ఇచ్చారు. పదేళ్ళుగా ఎవరూ ముట్టుకోని ఖాతాలు, నలభై. నెలాఖరులోగా ఆ మనుషులు వచ్చి ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. లేకపోతే అందులో ఉన్నది రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, మళ్ళీ తెచ్చుకోవాలంటే వాళ్ళ చెప్పులరుగుతాయి.

"ఫోన్లు చేసి పిలిపించు. నీ ఫోన్ల వల్ల పదిమంది వస్తే సర్టిఫికెట్ మీద 'పూర్తిచేసింది' అని రాస్తాను. రాకపోతే 'హాజరైంది' అని రాస్తాను. తర్వాత నన్ననకు."

'హాజరైంది' మా కాలేజీలో చెల్లదు. వచ్చే వేసవి మళ్ళీ మొదటినుంచి, బాబాయి పరువుతో సహా. అయినా, "ఇంతేనా సార్?" అన్నాను. ఫోన్లో మాట్లాడటం తప్ప దీనికింకేం చేతకాదని అమ్మ ఎప్పుడూ అనే మాటే కదా.

"నమస్కారమండీ, బ్యాంకు నుంచి మాట్లా..." పెట్టేశారు. రెండో నంబరు పెట్టేశారు. మూడో ఆయన పెట్టేసే ముందు, నా పెంపకం గురించి మా అమ్మను నాలుగు మాటలన్నాడు. అయిదో ఆవిడ ఫోను పక్కన పెట్టేసి వంటగదిలో గిన్నెలు కడుక్కోసాగింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను మైకు పెట్టి మరీ తవ్వాను.

"పాఠం అంత బాగా చెప్పమని నిన్నెవరడిగారు?" అన్నారు క్యాషియరుగారు.

జాబితాలో ఏడో నంబరు ఒక మామ్మగారు. పెన్షన్ తీసుకునే ఖాతా వేరే ఉంది. ఇది ఎప్పుడో తెరిచి మరిచిపోయింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పెట్టేసింది. నాలుగోసారి ఆవిడ ఊపిరి తీసుకునేలోగా గబగబా అన్నాను.

"మామ్మగారూ, పెట్టెయ్యకండి! బ్యాంకులో మైకులో చెప్పే పిల్లను నేనే!"

"అదీ చెప్పింది ఆ పిల్ల. ఆ పిల్లను నేనే అని కూడా అంటారని చెప్పింది."

పెట్టేసింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక కాసేపు రీఫిళ్ళు మార్చుకుంటూ కూర్చున్నాను.

ఎలాగో ఆఖరిరోజుకి తొమ్మిదిమంది అయ్యారు. అందులో నలుగురు నా మీద ఫిర్యాదు చెయ్యడానికే వచ్చారు. మేనేజరుగారు "ఇదిగోండి మీ దొంగ" అని నన్ను చూపిస్తే నవ్వుకుని సంతకం పెట్టి వెళ్ళారు. ఇంకొక్కరు కావాలి. మధ్యాహ్నం మూడయింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా స్టూలు మీంచి లేచి కూర్చుంటున్నాను.

మూడున్నరకి గొడుగు ఊతంగా పట్టుకుని ఒకావిడ నేరుగా నా దగ్గరకే వచ్చింది.

"మైకమ్మాయివి నువ్వేగా? నీతో ఒక మాట చెప్పి పోదామని వచ్చాను తల్లీ. నీ పేరు చెప్పుకుని ఎవతో దొంగది నాకు ఫోన్లు చేస్తోంది. గొంతు కూడా అచ్చం నీలాగే పెట్టింది. జాగ్రత్త."

గొంతు వినగానే తెలిసింది, ఏడో నంబరు. పదో మనిషి తన కాళ్ళతో తనే నడిచొచ్చింది! నేనేనండీ అని చెప్పబోయాను.

"మొన్న ఇంకో మగాడు కూడా చేశాడు," అంది మామ్మగారు. "బ్యాంకంటాడు, కార్డు మీద అంకెలు చెప్పమంటాడు. పెట్టేశాను. మా కింద వాటాలో ఆయన చెప్పేశాడు, పాపం, ఇల్లు కడదామనుకున్నదంతా పోయింది. నువ్వు చెప్పబట్టి నేను బతికాను."

ఫారం తీసి నింపడం మొదలుపెట్టాను. మీకు పాత ఖాతా ఒకటి ఉందండీ, ఇవాళ సంతకం పెడితే అది మీకే ఉంటుంది అన్నాను. కింద ఒక గడి ఉంది: ఖాతాదారు ఎలా వచ్చారు, ఫోన్ ద్వారానా, స్వయంగానా. 'ఫోన్' దగ్గర టిక్కు పెట్టి కాగితం ఆవిడ ముందుకి తోస్తే చాలు.

"చదివి వినిపించు. చదవకుండా పెట్టొద్దని నువ్వే అన్నావుగా."

నా పాఠాలన్నీ వరసపెట్టి నా మీదికే వస్తున్నాయి. పెన్ను పట్టుకుని ఆ గడి ముందు ఆగిపోయాను. ఫోన్ చేసింది నేనేనని చెబితే ఈవిడ నమ్ముతుంది. నమ్మి, ఒక్కోసారి నిజంగానే బ్యాంకు వాళ్ళు చేస్తారన్నమాట అనుకుంటుంది. రేపు ఆ మగాడు మళ్ళీ చేస్తాడు. నిజం చెప్పొద్దూ, అంత ఆలోచించాక కూడా నాకు సర్టిఫికెట్టే కావాలనిపించింది. ఏడుపొచ్చింది కూడా.

వెనకనుంచి మేనేజరుగారు తొంగిచూశారు. "పదోదేనా? నీ ఫోన్ వల్లేనా?"

"లేదు సార్. ఆవిడంతట ఆవిడే వచ్చారు." 'స్వయంగా' దగ్గర టిక్కు పెట్టి, అక్షరం వదలకుండా చదివి వినిపించాను. మామ్మగారు మెల్లగా సంతకం పెట్టింది.

"మరి ఆ దొంగది మళ్ళీ చేస్తే?"

"పెట్టెయ్యండి."

"రెండు తిట్టనా?"

"తిట్టండి మామ్మగారూ. దానికలా చెబితేగానీ బుద్ధి రాదు."

అయిదింటికి మేనేజరుగారు సర్టిఫికెట్ ఇచ్చారు. 'హాజరైంది'. మాట తప్పే మనిషి కాదాయన. అమ్మకి ఏం చెప్పాలి, బాబాయికి మొహం ఎలా చూపించాలి అనుకుంటూ మేకు మీది కోటు తీసుకున్నాను. వెళ్ళబోతూ ఆగి, బ్యాంకు ఫోను దగ్గరకి లాక్కుని ఏడో నంబరు నొక్కాను.

"మామ్మగారూ, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను."

"మళ్ళీ చేశావా దొంగమొహమా! ఇవాళే మా మైకమ్మాయితో చెప్పొచ్చాను నీ సంగతి. బంగారంలాంటి పిల్ల. నువ్వు దాని కాలిగోటికి సరిపోవు!"

పెట్టేసింది.