ఆమెకు దొరికిన మాట

చర్చి పని మీద పరాయి దేశం నుంచి వచ్చిన ఆ టీచరమ్మ కామారెడ్డిలో ఉండేది. వారానికి రెండుసార్లు బస్సెక్కి ఎల్లారెడ్డి వచ్చి, బీడీలు చుట్టే మాకు ఇంగ్లీషు నేర్పేది. మేం ఏం పలికినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇంకొకసారి" అనేది. ఆమెకు వచ్చిన తెలుగు మాటలు పదో పన్నెండో.

గల్ఫుకు పోయిన మా ఆయన దగ్గరి నుంచి రెండు నెలలుగా ఫోను లేదు. "కంపెనీవాళ్లతోని మాట్లాడాలె, నేర్పు టీచరమ్మా" అని ఆయన ఫొటో, కంపెనీ నంబరు చూపించి ఏడ్చాను. "నా భర్తతో మాట్లాడించండి" అన్న ఒక్క వాక్యాన్ని ఇంగ్లీషులో నాతో వందసార్లు పలికించింది. క్లాసు ఉన్నప్పుడల్లా ఆమె ఫోనులోంచే అడిగేదాన్ని. అవతలివాళ్లు పెట్టేసేవాళ్లు.

ఒకరోజు ఎవరో గబగబా ఏదో చెప్పారు. నాకు అర్థం కాలేదు. ఫోను అందుకుని విన్న టీచరమ్మ చేతిలోంచి అది జారి కింద పడింది.

"ఏమన్నరు టీచరమ్మా?"

నా చేతులు పట్టుకుని చాలాసేపు మాట కోసం వెతుక్కుంది. చివరికి, "లేడు" అంది.

ఆయన చనిపోయాడని చెప్పడానికి ఆమె దగ్గరున్నది ఆ ఒక్క మాటే. నా మనసుకు అది ఎక్కలేదు.

"డ్యూటీకి పోయిండా? ఎప్పుడొస్తడో అడుగు" అంటూ కింద పడ్డ ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాను.